హవల్దారుగారి చీపురు

పామర్రు,
12 జూన్ 1974

అల్లుడు తిరుపతిరావుకి,

నీ మామయ్య వెంకటప్పయ్య దీవించి చెబుతుంటే శివపార్వతి రాస్తున్నది. నా చేతిరాత సంగతి నీకు తెలుసు, నేను రాసింది మర్నాటికి నాకే అర్థం కాదు. అందుకని పెళ్లయి నెల తిరగని పిల్ల చేత మొగుడికి ఉత్తరం రాయిస్తున్నాను. నేను చెప్పిందే రాయాలి, సొంత కవిత్వం కలపొద్దని చెప్పాను.

నీకు హవల్దారు ప్రమోషన్ వచ్చిందన్న కార్డు అందింది. అందిన పూటే సెంటర్లో టీ కొట్టు దగ్గర అందరికీ చదివి వినిపించాను. ఆలస్యంగా వచ్చినవాళ్లకి మళ్లీ చదివాను. మా అక్క పోయాక నిన్ను తెచ్చి పెంచి, పై చదువు చదివించకుండా మిలట్రీలో చేర్పించానని ఈ ఊళ్లో నన్ను అననివాడు లేడు. మేనల్లుణ్ణి వదిలించుకున్నాడు అన్నారు. రైల్వే సమ్మెలో లారీ ఎక్కి పెళ్లికొచ్చి నువ్వు తాళి కట్టినప్పుడు కూడా, సిపాయికి పిల్లనిచ్చాడేమిటని పందిట్లోనే గొణిగారు. ఇప్పుడు అందరి నోళ్లూ మూతపడ్డాయి. హవల్దారంటే ఎంతమంది మీద అధికారమని అడిగారు. నాకు తెలియక వందమంది అని చెప్పాను. తక్కువైతే నువ్వు సర్దుకో.

ఇకనుంచి నువ్వు చేత్తో చెయ్యాల్సిన పనంటూ ఉండదు. నిలబడి చేయిస్తే చాలు. గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డంలో ఒక పద్ధతి ఉంది, సెలవుకొచ్చినప్పుడు చెబుతాను. చేతి మీద ఆ మూడు పట్టీలూ కనపడేటట్టు ఫొటో తీయించుకుని పంపు. ముందు గదిలో తగిలిస్తాను.

నీకు క్వార్టరు ఇచ్చారని రాశావు. ఆషాఢం దాటగానే, శ్రావణంలో అమ్మాయిని పంపిస్తాం. శ్రావణంలోనే పంపాలి, ఎందుకంటే ఈ ఏడు భాద్రపదాలు రెండొచ్చాయి. అధిక మాసంలో ఆడపిల్లని కాపురానికి పంపరు, దాని వెనకొచ్చే అసలు భాద్రపదంలోనూ పంపరు. శ్రావణం తప్పిందంటే ఇక దసరాల మాటే.

మీ అత్తయ్య ఆవకాయ కలిపింది. పటమటలో ఉండే ఆవిడ పినతల్లి కొడుకు వెంకటకృష్ణారావు మామిడికాయల బేరం మీద నెలాఖర్లో ఢిల్లీ వెళుతున్నాడు. దారిలో ఝాన్సీలో దిగి జాడీ నీకిస్తాడు. ఆయన నోరెలాంటిదో నీకు తెలుసు గదా, కాస్త మర్యాదగా చూడు. నీ హోదా చూసొచ్చి నలుగురికీ చెబితే మనకే మంచిది.

నీ మామయ్య,
వెంకటప్పయ్య

బావా, నాన్న చెప్పింది చెప్పినట్టు రాశాను. జాడీ మూతకి వాసెన గుడ్డ కట్టింది మాత్రం నేనే. — శివ


ఝాన్సీ,
21 జూన్ 1974

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. రోజూ మబ్బు పట్టి, మమ్మల్ని ఊరించి వెళ్లిపోతోంది. నేను క్షేమం.

నా కింద ఉన్నది పదిమంది మామయ్యా. వందకి సర్దడం నా వల్ల కాదు. ఆ పదిమందిలోనే ముగ్గురికి కుడి ఎడమలు ఇంకా సరిగ్గా తెలియవు.

ఫొటో పంపుతున్నాను. మొహం బాగా రావాలని స్టూడియో ఆయన దగ్గరగా తీశాడు. దాంతో భుజాల దగ్గరే ఫొటో ఆగిపోయింది, పట్టీలు రాలేదు. మళ్లీ తీయించుకుందామంటే ఆయన కూతురి పెళ్లికి కొట్టు మూసుకుని ఊరెళ్లాడు.

క్వార్టరు బాగుంది. రెండు గదులు, బయట పంపు. కానీ ఒక రూలుంది. ఆగస్టు ఆఖరుకల్లా కుటుంబం వచ్చి దిగకపోతే ఆ ఇల్లు నా తర్వాతవాడికి పోతుంది. మళ్లీ నా వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మీరన్నట్టు శ్రావణంలో పంపిస్తే అన్నీ కలిసొస్తాయి.

శివా, ఇక్కణ్ణుంచి పైకి చదవకు. వంటింటి కిటికీ పక్కనే బొప్పాయి చెట్టుంది. కాయలు పండుతున్నాయి. పక్కింటివాళ్లు కోసుకుంటామంటే మా ఆవిడ వచ్చేదాకా చెయ్యి వెయ్యొద్దన్నాను. మా ఆవిడ అని పైకి అనడం అదే మొదటిసారి.

మీ అల్లుడు,
తిరుపతిరావు


పామర్రు,
6 జూలై 1974

తిరుపతీ,

దీవెనలు తర్వాత.

నిన్న సాయంత్రం వెంకటకృష్ణారావు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు, మజ్జిగిస్తే తాగలేదు. “బావగారూ, చెప్పకూడదు గానీ” అన్నాడు. చెప్పకూడదని మొదలెట్టాడంటే ఒక్క ముక్క మిగల్చడని నాకు తెలుసు.

గేటు దగ్గర సిపాయిని హవల్దారుగారెక్కడ అనడిగితే లెట్రిన్ల వైపు చెయ్యి చూపించాడట. వెళ్లి చూస్తే నువ్వు బనీనుతో, పంట్లాం మోకాళ్లపైకి మడిచి, గోతిలో నిలబడి మట్టి తట్టలు పైకి అందిస్తున్నావట. గోతి పక్కన చీపురు, బకెట్టు. “మీ అల్లుడుగారు పాకీ పని చేస్తున్నాడండీ, నా కళ్లారా చూశాను” అన్నాడు. ఈ మాట నాతో అనే ముందు టీ కొట్టు దగ్గర ఆగి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆ చేతుల్తోనే జాడీ అందుకున్నావట. అది విని మీ అత్తయ్య గుమ్మంలో కూలబడింది.

ఏం తప్పు చేశావు? నీ పట్టీలు ఎందుకు పీకేశారు? ఫొటో చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. చొక్కాకి కుట్టిన పట్టీలు ఫొటోలోకి రాకపోవడమేమిటి? పైగా ఆగస్టు ఆఖరుకి ఇల్లు లాగేసుకుంటారని నువ్వే రాశావు. తప్పు చెయ్యనివాడి ఇల్లు ఎవరైనా లాగేసుకుంటారా?

నిజం రాయి. పై అధికారిని తిట్టావా? తాగావా? తాగితే చెప్పు, మన బంధువుల్లో తాగేవాళ్లున్నారు, ఎలాగో సర్దిచెబుతాను. లెట్రిన్లు కడిగినవాణ్ణి ఎలా సర్దను? మన ఇంటా వంటా లేని పని. నీ హోదా నీకు తిరిగొచ్చిందని తెలిసేదాకా అమ్మాయిని పంపేది లేదు. ఈ మాట రాయవే అంటే కలంలో సిరా అయిపోయిందంటోంది. సిరా బుడ్డి నేనే తెచ్చి ముందు పెట్టాను.

వెంకటప్పయ్య

సిరా నిజంగానే అయిపోయింది బావా. నువ్వు పైకి చదవొద్దన్న చోట నేను ఆగితే నాన్న కళ్లజోడు పెట్టుకుని తనే చదివాడు. బొప్పాయి సంగతి ఇప్పుడు అమ్మకీ తెలుసు. గోతిలోకి ఎందుకు దిగావో నాకు రాయి. కోపంతో అడగటంలేదు. — శివ


ఝాన్సీ,
13 జూలై 1974

మామయ్యగారికి,

నా పట్టీలు నా చొక్కాకే ఉన్నాయి. నేను తాగలేదు, ఎవరినీ తిట్టలేదు. అత్తయ్యగారితో చెప్పండి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కునే జాడీ అందుకున్నాను. వెంకటకృష్ణారావుగారు చూశారు కూడా. అది మీకు చెప్పినట్టు లేదు.

జరిగింది ఇది. మిలట్రీలో తుపాకీ పని కాని పనినంతా ఫెటీగు అంటారు. ఊడవడం, కాలవలు తీయడం, గోతులు తవ్వడం, అన్నీ అందులోకే వస్తాయి. వానలకి ముందు పాత లెట్రిన్ గోతులు పూడ్చి కొత్తవి తవ్వమని ఆర్డరొచ్చింది. నా పదిమందికి పడింది. హవల్దారు దిగాలని రూలు లేదు, దిగకూడదనీ లేదు. నాకై నేనే దిగాను.

ఎందుకంటే నేను కొత్తగా చేరినప్పుడు మా హవల్దారొకాయన ఉండేవాడు. మేం మురికి కాలవలో ఉంటే ఆయన గట్టు మీద కుర్చీ వేయించుకుని సిగరెట్ కాలుస్తూ, త్వరగా త్వరగా అనేవాడు. ఆయన్ని నేను మనసులో అన్న మాటలు ఈ ఉత్తరంలో రాయలేను, శివపార్వతి చదువుతుంది గనక. నాకు పట్టీలొస్తే అలా కూర్చోకూడదని అప్పుడే అనుకున్నాను. నేను దిగిన రోజు కుర్రాళ్లు ఒక్కరూ గొణగలేదు. పైగా నేను తవ్వడం చూసి నవ్వారు. ఆ నవ్వు కూడా నాకు నచ్చింది.

దీనికి మా సుబేదారు సాబ్ ఒప్పుకోలేదు. పిలిచి గట్టిగానే మందలించారు. “తవ్వడానికి పదిమందిని ఇచ్చాను, చూడ్డానికి ఒక్కణ్ణిచ్చాను. ఆ ఒక్కడూ గోతిలోకి దిగితే చూసేవాడెవడు? నువ్వు మంచివాడివని అనిపించుకోవడానికి దిగావా, పని కావడానికి దిగావా?” అన్నారు. సెల్యూట్ కొట్టి వచ్చేశాను. కానీ అది శిక్ష కాదు మామయ్యా, అభిప్రాయ భేదం.

ఇల్లు లాక్కోవడం లేదు. శ్రావణం వచ్చేస్తోంది. దయచేసి అమ్మాయిని పంపండి.

శివా, పైదంతా నీకే రాశాను. బొప్పాయిలు మూడు రాలిపోయాయి.

తిరుపతిరావు


పామర్రు,
20 జూలై 1974

చిరంజీవి తిరుపతికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మూడుసార్లూ నాకు అర్థమైంది ఒకటే, నిన్ను పై అధికారి పిలిచి గట్టిగా మందలించాడు. మిగతాదంతా నువ్వు పరువు కోసం అల్లింది. మామయ్య బాధపడతాడని దాస్తున్నావు. చిన్నప్పుడు బళ్లో దెబ్బలు తిన్నా ఇలాగే తలుపు చెక్క తగిలిందనేవాడివి.

నువ్వు నోరు విప్పవు గనక నేను విప్పాను. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన శౌరయ్యగారున్నారు చూడు, ఆయన చేత మీ కర్నలుగారికి ఇంగ్లీషులో అర్జీ రాయించాను. ఫలానా తిరుపతిరావు ఎనిమిదెకరాల మాగాణి ఉన్న మర్యాదస్తుల ఇంటి అల్లుడనీ, వాళ్ల వంశంలో చీపురు పట్టినవాడు లేడనీ, తెలిసీ తెలియక ఏదైనా తప్పు చేసి ఉంటే క్షమించి లెట్రిన్ పని నుంచి విముక్తి కలిగించాలనీ. శౌరయ్యగారు చాలా గట్టి ఇంగ్లీషు రాశారు. ఆయన చదువుతుంటే ఒక్క ముక్క తెలియకపోయినా నాకు కళ్లనీళ్లు తిరిగాయి. రిజిస్టర్డు పోస్టులో పంపాను.

ఇక్కడ నా తిప్పలు నావి. కాలవలకి నీళ్లొదిలినా మన చేనుకి రాలేదు. మనది ఈ బోదె కాలవకి చిట్టచివరి చేను గదా. రోడ్డు కింద తూములో ఏదో అడ్డుపడి కూర్చుంది. పైవాళ్లకి నీళ్లు పారుతున్నాయి గనక వాళ్లకి పట్టదు. నారు ముదిరిపోతోంది. మన పాలేరు నాగులుని తూములోకి దిగరా అంటే, “వాసనొస్తోందండీ, లోపలేదో చచ్చినట్టుందండీ” అని తల గోక్కుంటున్నాడు. ఊడ్పులకి ఒప్పుకున్న ఆడవాళ్లు రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని వెళుతున్నారు. వాళ్లలో దానమ్మ అని ఒకతె ఉంది, దాని నోటికి తాళం లేదు. “అల్లుడుగారు ఆడ గోతిలో దిగుతున్నారంట గదండీ, మరి మామగారు ఈడ తూములో దిగరేటండీ?” అంది అందరి ముందూ. నీ వల్ల నేను ఇలాంటి మాటలు పడుతున్నాను.

కర్నలుగారి జవాబు రాగానే నాకు రాయి. అప్పుడే ప్రయాణం సంగతి.

వెంకటప్పయ్య

బావా, అర్జీ పంపొద్దని నేనూ అమ్మా ఎంతో చెప్పాం. ఇవాళ్టినుంచి శ్రావణం. అమ్మ నా చీరలు సర్ది, మళ్లీ తీసి, మళ్లీ సర్దింది. — శివ


ఝాన్సీ,
30 జూలై 1974

మామయ్యగారికి,

మీ అర్జీ అందింది. నాకు కాదు, కర్నలుగారికి. ఆయన ఆఫీసులో చదివించుకున్నారు. చదివిన క్లర్కు బయటికొచ్చి బ్యారక్‌లో చదివాడు. ఇప్పుడు ఈ కంటోన్మెంటులో నా పేరు తిరుపతిరావు కాదు, జమీందార్ సాబ్. పొద్దున నేను లేచేసరికి నా బూట్లు పాలిష్ చేసి, వాటి పక్కన ఒక పువ్వు పెడుతున్నారు. మెస్సులో నా కుర్చీ తుడిచి కూర్చోమంటున్నారు. పదిమందీ చాలా సంతోషంగా ఉన్నారు.

కర్నలుగారు నన్ను పిలిపించారు. కోపంగా లేరు. “ఎనిమిదెకరాలున్నవాడు గోతిలోకి దిగకూడదని మీ మామగారు రాశారు. నీ కింద రోహ్‌తక్ కుర్రాడికి ఇరవై ఎకరాలున్నాయి, ట్రాక్టరుంది. ఆ లెక్కన వాణ్ణి గోతి పక్కకే రానివ్వకూడదు కదా” అన్నారు. నవ్వకుండానే అన్నారు గానీ మీసం కదిలింది.

సుబేదారు సాబ్‌కి మాత్రం పండగే. కుటుంబం ఒప్పుకోలేదు గనక ఇకనుంచి హవల్దారు గట్టు మీదే అని తీర్మానించారు. పోయిన ఆదివారం నేను నిజంగానే గట్టు మీద నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గొడుగు లేనిదే ఆ పని కుదరదని తెలిసింది.

కానీ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అలా నిలబడి చూస్తుంటే నాకు మేం జూన్‌లో తవ్విన గోతులు కనిపించాయి. అవి ఎత్తు మీదున్నాయి. వాటికి సరిగ్గా పల్లంలో మా వంటశాల ఉంది. గట్టి వాన కురిస్తే గోతుల్లోది ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా? ఆ గోతులు తవ్వినప్పుడు నేను లోపలే ఉన్నాను, అందరికంటే ఎక్కువ తవ్వాను, అందరి మెప్పూ పొందాను. గోతిలో ఉన్నవాడికి గోడలే కనిపిస్తాయి. వాన పెద్దది రాకముందే వాటిని పూడ్పించాం. సుబేదారు సాబ్ వచ్చి కొత్త చోటు కర్రతో గీసి చూపించి వెళ్లారు.

మర్నాడు వెళ్లి ఆయన్ని అడిగాను. మొదట నిలబడి చోటు చూసి, గీత గీయించి, పని దారిలో పడ్డాక అప్పుడు దిగుతానన్నాను. “దిగకుండా ఉండలేవా?” అన్నారు. ఉండలేనన్నాను. “ఏదో ఒకటి చేసుకుని ఏడు” అన్నారు, పంజాబీలో. కాబట్టి మామయ్యా, నేను మళ్లీ దిగుతున్నాను. మీకు అబద్ధం రాయను. హోదా పోలేదు, గోతీ పోలేదు. ఇలాంటివాడి దగ్గరికి అమ్మాయిని పంపుతారో లేదో మీ ఇష్టం.

తిరుపతిరావు


పామర్రు,
5 ఆగస్టు 1974

తిరుపతీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు మళ్లీ దిగుతున్నావన్న ముక్క దగ్గర నాకు రావలసినంత కోపం రాలేదు. ఎందుకంటే అంతకు ముందు రోజే నేను తూములోకి దిగాను.

కావాలని దిగలేదు. ముందు అది తెలుసుకో. వరలక్ష్మీ వ్రతం మర్నాడు చేలోకి వెళ్లాను. నారు పసుపెక్కింది. నాగులూ ఇంకో ఇద్దరూ తూము మూతి దగ్గర కర్రలతో పొడుస్తున్నారు, లోపలికి మాత్రం వెళ్లరు. నేను గట్టు మీద గొడుగేసుకుని అరుస్తున్నాను. అరిచి అరిచి గొంతు పోయింది. అప్పుడా దానమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు, “మిలట్రీ అల్లుడుగారైతే ఈపాటికి తూములోంచి అవతలికి తేలేవోరు” అంది. ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

గొడుగు విసిరేశాను. చొక్కా ఎటు పోయిందో తెలియదు. పంచె ఎగ్గట్టి దిగిపోయాను. మీ అత్తయ్య అక్కడ లేదు గనక సరిపోయింది. తూములో వంగి పాకాల్సి వచ్చింది. ఆ కంపు నేను చెప్పలేను, నీకు తెలిసే ఉంటుంది. నా వెనకాల నాగులు దిగాడు, వాడి వెనకాల మిగతా ఇద్దరూ. దిగరా అని రెండు వారాలు మొత్తుకుంటే దిగనివాళ్లు. ఒక పాత పరుపు, దానికి చుట్టుకుని కొబ్బరి మట్టలు, వాటిలో ఒక చచ్చిన పంది. నలుగురం కలిసి లాగాం. అది ఊడేసరికి నీళ్లు ఒక్కసారిగా మా మీదికొచ్చి నన్ను తీసుకెళ్లి పక్కవాడి చేలో పడేశాయి. దానమ్మే వచ్చి చెయ్యిచ్చి లేపింది. నవ్వుతూనే లేపింది.

మేం నలుగురం బోదె గట్టు మీద కూర్చున్నాం. నాగులు చుట్ట వెలిగించి, అలవాటు చొప్పున నా వైపు చాపి, ఎవరికిస్తున్నాడో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. నేను పుచ్చుకున్నాను. మీ అత్తయ్యకి చెప్పకు. ఆ సాయంత్రానికి ఊడ్పు మొదలైంది.

ఇంటికొస్తే మీ అత్తయ్య నన్ను లోపలికి రానివ్వలేదు. దొడ్లో నిలబెట్టి కుంకుడుకాయలతో రుద్దింది. అసలు కథ అది కాదు. తెల్లారేసరికి ఊరంతా పొక్కింది. పటమట నుంచి వెంకటకృష్ణారావు మొదటి బస్సులో దిగాడు. “బావగారూ, ఏం కష్టమొచ్చిందండీ? కూలీల్ని కూడా పెట్టుకోలేని స్థితికి వచ్చారా? నాతో ఒక్క మాట చెప్పకపోయారా?” అని నా చెయ్యి పట్టుకున్నాడు. అల్లుడి అవమానం భరించలేక నాకు మతి చలించిందని టీ కొట్టు దగ్గర అనుకుంటున్నారు. శౌరయ్యగారు నా తరఫున తహసీల్దారుకి అర్జీ రాస్తానని కాగితాలు పట్టుకుని వచ్చారు. మళ్లీ ఇంగ్లీషులోనే.

నాకై నేనే దిగానయ్యా అని ఎంతమందికి చెప్పినా ఒక్కడూ నమ్మడే! నువ్వు నాకు రాసినవి సరిగ్గా ఇవే మాటలని శివపార్వతి గుర్తుచేసింది. నేను అడగలేదు, తనే గుర్తుచేసింది.

అలాగని రోజూ దిగుతాననుకోకు. మీ సుబేదారు తెలివిగలవాడు. ఆయనకి నా నమస్కారాలు చెప్పు. అమ్మాయి సంగతి ఆలోచిస్తున్నాను.

వెంకటప్పయ్య

బావా, ఆలోచించడం ఏమీ లేదు. అమ్మ నా పెట్టెలో పప్పుగుత్తి కూడా పెట్టేసింది. కానీ నాన్న నోటితో అనాలి. — శివ


ఝాన్సీ,
9 ఆగస్టు 1974

మామయ్యగారికి,

మీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది, ఇప్పుడే రాస్తున్నాను. నవ్వానంటే తప్పుగా అనుకోకండి. తర్వాత ఒళ్లు జాగ్రత్తని చెప్పడానికి మీ దగ్గర లేనే అనిపించింది. కాళ్లకి దెబ్బలేమైనా తగిలితే చూపించుకోండి.

దిగడం రైటా, నిలబడ్డం రైటా అన్నది నాకూ సుబేదారు సాబ్‌కీ ఇంకా తేలలేదు. మీరు దిగారని నేను గెలిచాననీ అనుకోవడం లేదు. శ్రావణం ఇంక వారం రోజులే ఉంది. క్వార్టరు పోతే పోయింది, అది గోడలే. నాకు శివపార్వతి కావాలి మామయ్యా. పైకి చదివేది తనేనని తెలిసే, సిగ్గు విడిచి రాస్తున్నాను. నన్ను పెంచింది మీరు. ఇంకెవరిని అడగను?

తిరుపతిరావు


విజయవాడ స్టేషను,
14 ఆగస్టు 1974

తిరుపతీ,

ఇది నా చేతిరాత. కష్టపడి చదువుకో. బండి లేటని చెప్పారు. ప్లాట్‌ఫారం మీద బల్ల దొరికితే కూర్చుని రాస్తున్నాను. శివపార్వతీ, మీ అత్తయ్యా వస్తున్నారు. అత్తయ్య కాపురం పెట్టించి, పది రోజులుండి వస్తుంది. ఊడ్పులు సగంలో ఉన్నాయి గనక నేను రాలేను. తోడు వెంకటకృష్ణారావు, ఢిల్లీ పని చూసుకుని తిరిగొచ్చేటప్పుడు మీ అత్తయ్యని తీసుకొస్తాడు. మళ్లీ మీ లెట్రిన్లు చూస్తానంటున్నాడు, చూపించు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. అమ్మాయి చదవడం మొదలుపెట్టి చివరికొచ్చేసరికి చదవలేకపోయింది. కళ్లజోడు పెట్టుకుని నేనే చదివాను. చదివి, రేపే ప్రయాణమన్నాను, నీకు టెలిగ్రాం కొట్టించాను. సాయంత్రానికి అన్నీ కట్టేశారు. ఎప్పుడో కట్టి ఉంచారని తర్వాత తెలిసింది.

బస్సు దిగి స్టేషనుకొచ్చాం. ట్రంకు పెట్టె పెద్దది. కూలీ వచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడు. నాకెందుకో నచ్చలేదు. వద్దులేవయ్యా అన్నాను. కండువా చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, పెట్టె ఎత్తుకున్నాను. వంతెన మెట్లు ఎక్కి, దిగి, ఈ ప్లాట్‌ఫారం దాకా నేనే మోశాను. వెనకాల వెంకటకృష్ణారావు నా గొడుగు వేసుకుని వచ్చాడు. చూసినవాళ్లకి ఆయన యజమానీ నేను కూలీ. వంతెన మీద పామర్రువాళ్లు ఇద్దరు ఎదురయ్యారు, చూడనట్టు తల తిప్పుకున్నారు. కిందికి దిగాక కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి, “ఏయ్, అది దించి ఇటొచ్చి మాది పట్టు” అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇది కూలికి మోసేది కాదండీ, మా అమ్మాయి పెట్టె అని చెప్పి వచ్చేశాను.

ఎందుకు మోశావని మీ అత్తయ్య అడిగింది. నాకూ తెలియదు. కూలీ అయినా మోసేవాడే, నాకంటే బాగా మోసేవాడు. కానీ ఆ పిల్ల వస్తువుల్ని డబ్బిచ్చి పంపినట్టు ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. మెడ పట్టేసింది. ఉండనీ.

అమ్మాయి ధైర్యంగానే ఉంది. బండి కదిలాక నేను ఏడుస్తాను. ఆ సంగతి నువ్వు పట్టించుకోకు.

ఝాన్సీలో దిగగానే ముందు ఈ ఉత్తరం నీ చేతికివ్వమన్నాను. అక్కడే నిలబడి చదువు. చదివాక కూలీని కేకెయ్యకు. నీ పదిమందిలో ఎవరైనా స్టేషనుకి వచ్చి ఉంటే వాళ్లకీ పురమాయించకు. హవల్దారు చొక్కాతోనే వచ్చి ఉంటావు, ఆ చొక్కాతోనే పెట్టె నెత్తికెత్తుకో.

నీ మామయ్య